పది, పదిహేను, ఇరవై: హులికల్ మర్రి సాలు మీద ఒక కేస్ స్టడీ

రోడ్ల పక్కన మొక్కలు నాటించి పెంచే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటింది. నేను తిరిగేది కదిరి, హిందూపురం వైపు. మా బృందంలో కొత్తగా చేరినవారికి మొదటి రోజే ఒక కేసు చెబుతాను. అది మా జిల్లాది కాదు, సరిహద్దు దాటితే కర్ణాటకలో ఉన్న ఒక చిన్న రోడ్డుది. దాన్ని చెట్లతో కప్పిన మనిషి 2025 నవంబరు 14న బెంగళూరు ఆసుపత్రిలో కన్ను మూశారు. ప్రభుత్వ లెక్కల్లోనూ పత్రికల్లోనూ ఆమె వయసు 114 ఏళ్లు. పేరు సాలుమరద తిమ్మక్క.

ఆమె పోయాక వచ్చిన వ్యాసాలు చాలా చదివాను. అన్నింటిలోనూ పిల్లలు లేని తల్లి, చెట్లే పిల్లలు, పద్మశ్రీ అన్న మాటలే ఉన్నాయి. అవన్నీ నిజమే. కానీ మొక్కలు పెంచేవాడికి కావలసింది వాటిలో దొరకలేదు. అన్ని చెట్లు ఎలా బతికాయి? ఒకే రోడ్డు మీద 385 మర్రి మొక్కలు మానులు కావడం మా వృత్తిలో ఉన్నవారికి మామూలు విషయంగా కనిపించదు. అందుకే ఈ కేసును పనివాడి కన్నుతో రాస్తున్నాను.

స్థలం, మనుషులు

తిమ్మక్క పుట్టింది తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో. నమోదైన పుట్టిన తేది 1911 జూన్ 30. అప్పటికి అది మైసూరు సంస్థానం, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలన. బడి చదువు లేదు. రాళ్ల క్వారీలో కూలికి వెళ్లారు. భర్త చిక్కయ్య కూడా కూలి మనిషే. కాపురం మాగడి తాలూకా హులికల్ గ్రామంలో. నిన్నమొన్నటి దాకా అది రామనగర జిల్లా, ఇప్పుడు బెంగళూరు దక్షిణ జిల్లా.

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఆ కాలపు పల్లెలో పిల్లలు లేని ఆడమనిషి ఎన్ని మాటలు పడాలో మన ఊళ్లలో పెరిగినవారికి వేరే చెప్పాల్సిన పని లేదు. ఆలుమగలు ఇద్దరూ కలిసి హులికల్ నుంచి కుదూరు వెళ్లే దారి వెంట మర్రి మొక్కలు నాటడం మొదలుపెట్టారు. దారి పొడవు నాలుగు, నాలుగున్నర కిలోమీటర్లు.

సాలుమరద అంటే చెట్ల వరుస అని అర్థం. మన రైతు నాగటి చాలు అంటాడు, కొన్ని ఊళ్లలో సాలు అనే అంటారు. కన్నడంలో మర అంటే మన మ్రాను. ఊరివాళ్లు ఆమె పనినే ఆమె ఇంటి పేరు చేశారు.

మర్రినే ఎందుకు ఎంచుకున్నారంటే ఊరి చుట్టూ అవే విస్తారంగా ఉన్నాయి కాబట్టి. వాటి నుంచే అంటు మొక్కలు కట్టుకున్నారు. కొనవలసిన పని లేదు, ఎక్కడికో వెళ్లి తేవలసిన పని లేదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కేసులో మొదటి బలం ఇదే. ఆ మట్టికి, ఆ ఎండకు అలవాటు పడిన తల్లి చెట్టు కళ్ల ముందే ఉంది. మేము చాలాసార్లు వంద కిలోమీటర్ల అవతలి నర్సరీ నుంచి పాలిథిన్ సంచుల్లో మొక్కలు తెప్పిస్తాం. సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. లారీ దిగేసరికే సగం ఆకులు వాడిపోతాయి.

మర్రికి ఇంకో సౌలభ్యం ఉంది. బొటనవేలికంటే లావైన కొమ్మ కోసి పాతినా చిగురిస్తుంది. కోసినచోట పాలు కారతాయి, అవి ఆరేదాకా నీడలో ఉంచాలి. పై కోతకు పేడ, మట్టి కలిపి మెత్తితే లోపలి తేమ ఆరిపోదు. తొలకరి పడ్డాక నాటితే వాన కాలమంతా వేరు దిగడానికి సరిపోతుంది. మనిషి ఎత్తు కొమ్మ పాతితే మేకకు చిగురు అందదు కూడా.

నీళ్ల లెక్క

ఈ కేసులో నన్ను కట్టిపడేసింది ఇక్కడే. మొదటి ఏడు ఆ దంపతులు నాటింది పది మొక్కలు. రెండో ఏడు పదిహేను. మూడో ఏడు ఇరవై.

పదే ఎందుకు? ఊరిలో మర్రి కొమ్మలకు కరువు లేదు. వంద నాటినా అడ్డుపెట్టేవారు లేరు. కానీ నీళ్లు మోయాల్సింది తామే. ఇద్దరు మనుషులు నాలుగు బిందెల నీళ్లు నాలుగు కిలోమీటర్లు మోసుకుంటూ వెళ్లి పోసేవారు. అదీ పగలంతా కూలి పని చేసే ఒంటితో.

బిందెకు 12 నుంచి 15 లీటర్లు పడుతుందనుకుందాం. నాలుగు బిందెలకు 50 నుంచి 60 లీటర్లు. పది మొక్కలకు పంచితే ఒక్కో దానికి ఐదారు లీటర్లు. వేసవిలో కొత్త మొక్క పాదుకు అది సరిపడే కొలత. అదే వంద నాటి ఉంటే మొక్కకు అర లీటరు. పాదు పైమట్టి తడిసి గంటలో ఆరిపోతుంది, వేరు దాకా దిగదు. వందలో పది కూడా మిగలవు.

రెండో ఏడు పదిహేను కలిస్తే మొత్తం ఇరవై ఐదు అవుతాయి కదా, నీళ్లు ఎలా సరిపోతాయని మా వాళ్లు అడుగుతారు. మొదటి ఏటి మొక్క ఒక వాన కాలం, ఒక వేసవి దాటి మళ్లీ వాన చూసేసరికి వేరు లోతుకు దించుకుంటుంది. మర్రి ఈ విషయంలో మహా గట్టిది. గోడ పగుళ్లలో పిట్ట రెట్టతో పడిన గింజ కూడా మొలిచి గోడనే చీల్చుకుని నిలబడుతుంది. కాబట్టి పాతవాటి నీళ్లు కొత్తవాటికి మళ్లుతాయి. ఏడాదికి ఇరవైకి మించకపోతే ఈ చక్రం ఆగకుండా తిరుగుతుంది.

ఒకసారి కాగితం మీద కూడి చూశాను. పది, పదిహేను, ఆ తరువాత ఏటా ఇరవై చొప్పున పద్దెనిమిదేళ్లు అనుకుంటే సరిగ్గా 385 వస్తుంది. వాళ్లు ఇలాగే లెక్క కట్టి నాటారని కాదు, ఈ కూడిక నాది. కానీ ఇద్దరు కూలి మనుషులు, నాలుగు బిందెలు, ఓ ఇరవై ఏళ్ల ఓపిక కలిస్తే అంత పెద్ద సాలు సాధ్యమేనని ఆ అంకెలు చూశాక నాకు నమ్మకం కుదిరింది. అప్పటిదాకా అదంతా పురాణ కథలా వినిపించేది.

నా మొదటి పెద్ద పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూడు కిలోమీటర్ల రోడ్డుకు రెండు వైపులా కానుగ, వేప, నేరేడు మొక్కలు ఒకే వారంలో నాటించాం. గుంతలు బాగా తీశాం, ఎరువు వేశాం, ఫొటోలు తీశాం. పనిచ్చిన కార్యాలయంలో నాటడానికి డబ్బు ఉంది, మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ నీళ్లకు లేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అయినా వాన పడుతుందిలే అనుకుని సంతకం పెట్టాను. రెండో వేసవి దాటేసరికి వరుసలో మొక్కలకంటే ఖాళీ గుంతలే ఎక్కువ. ఆ గుంతల పక్కగా నడిచిన రోజు ఇప్పటికీ గుర్తొస్తుంది. తిమ్మక్క లెక్క తెలిసి ఉంటే ఆ రోడ్డుకు నేను ముప్పై మొక్కలు మాత్రమే అడిగి ఉండేవాడిని.

కంప

నీళ్ల తరువాతి శత్రువు పశువు. తిమ్మక్క దంపతులు ప్రతి మొక్క చుట్టూ ముళ్ల కంప వేశారు. ఈ మాట అన్ని వ్యాసాల్లోనూ ఒక్క వాక్యంలో దాటిపోతుంది. కంప వేయడం చేతితో చేసినవారికే దాని కష్టం తెలుస్తుంది.

తుమ్మ కొమ్మ గానీ రేగు కొమ్మ గానీ నరికి, మొదలు బయటికి, ముళ్ల కొస మొక్క వైపు వచ్చేలా పేర్చకూడదు. అలా చేస్తే మేక మొదలు పట్టుకుని ఈడ్చేస్తుంది. మొదళ్లు లోపల పాతి, ముళ్ల కొసలు బయటికి విప్పి, ఒక కొమ్మ మీద ఇంకో కొమ్మ పెనవేసి, పైన రాయి పెట్టాలి. గాలికి కొమ్మ ఊగి మొక్క కాండానికి గీసుకోకుండా మూరెడు ఎడం ఉంచాలి. రెండు నెలలకు ఎండి కుంగిపోతుంది, మళ్లీ కొత్త కంప కొట్టుకురావాలి. పొయ్యిలోకి ఎండు కంప ఎత్తుకుపోయేవారు ఎప్పుడూ ఉంటారు, వారితో పోట్లాడకుండా నచ్చజెప్పాలి. ఒక మొక్కకు మొదటి రెండేళ్లలో ఇది పది, పన్నెండు సార్లు చేయాల్సిన పని. ఇలా 385 మొక్కలకు.

మా దగ్గర ఇనుప గార్డులు వాడతాం. కంపకంటే బలమైనవే. కానీ ఇనుప గార్డు బిగించాక మనిషి మళ్లీ ఆ మొక్క దగ్గరికి వెళ్లడు. కంప అయితే ప్రతి రెండు నెలలకు మొక్క దగ్గరికి రప్పిస్తుంది. వచ్చినవాడు పాదు సరిచేస్తాడు, చెద పట్టిందేమో చూస్తాడు. చాలా ఏళ్ల తరువాత నాకు అర్థమైంది ఇదే.

ఎడం

మరో విషయం చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం. రోడ్డుకు రెండు వైపులా కలిపితే తొమ్మిది కిలోమీటర్ల వరుస. దాన్ని 385తో భాగిస్తే ఇరవై మీటర్లు దాటిన ఎడం వస్తుంది. మామూలు రోడ్డు చెట్లకు మేము పది మీటర్లకు అటూ ఇటూ పెడతాం. మర్రికి ఆ ఎడం సరిపోదు. మర్రి ఎంత పరుచుకుంటుందో కదిరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా తిమ్మమ్మ మర్రిమాను నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఆ పేర్ల పోలిక నన్ను ఎప్పుడూ వదలదు. తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు, సంతానం కలుగుతుందని నమ్మకం. అక్కడికి ఎంతో దూరం కాని కన్నడ పల్లెలో ఇంకో తిమ్మక్క సంతానం లేక మర్రినే సంతానం చేసుకుంది. మన పెద్దలు చెప్పిన సప్త సంతానాల్లో కొడుకు ఎంతో, చెరువు, గుడి, వనం అంతే. పదిమంది కొడుకులు ఒక చెట్టు పెట్టు అన్న మాటా ఉంది. ఆ మాటలు శాసనాలు వేయించిన ప్రభువులకూ అగ్రహారాలు ఇచ్చినవారికీ చెప్పినవి అనుకునేవాడిని. బిందె మోసిన కూలి మనిషి వాటిని చేసి చూపింది.

దీర్ఘాయువు చెట్టుకు ఏం చేసింది

1991లో చిక్కయ్య పోయారు. అప్పటికి సాలు ఎదిగి ఉంది. తిమ్మక్క ఆ తరువాత మరో ముప్పై నాలుగేళ్లు బతికారు. ఈ ముప్పై నాలుగేళ్లను వ్యాసాలు అవార్డుల జాబితాగా రాస్తాయి. 1995లో జాతీయ పౌర పురస్కారం, 2010లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం వారి నాడోజ గౌరవం, 2019లో పద్మశ్రీ. ఆ రోజు రాష్ట్రపతి భవన్‌లో, పురస్కారం తీసుకుని ఫొటో కోసం నిలబడాల్సిన క్షణంలో, 107 ఏళ్ల ఆ అవ్వ చెయ్యి ఎత్తి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ నుదుటి మీద పెట్టి దీవించారు. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు కళ్లు తడిశాయి.

అయినా పనివాడిగా నాకు ముఖ్యమైనది అదే ఏడాది జరిగిన ఇంకో సంగతి. బాగేపల్లి నుంచి హలగూరు దాకా రోడ్డు వెడల్పు చేసే పని ఆ చెట్ల మీదికి వచ్చింది. బాగేపల్లి అంటే మాకు పక్క ఊరు లాంటిది, సంతలో సగం మాటలు తెలుగే. ఆ రోడ్డు కుదూరు, హులికల్ మీదుగా పోవాలి, మర్రులు పోవాలి. తిమ్మక్క నేరుగా అప్పటి ముఖ్యమంత్రి హెచ్.డి. కుమారస్వామిని అడిగారు. చెట్లు పోకుండా వేరే దారి చూడాలని ప్రభుత్వం నిర్ణయించింది.

రోడ్డు చెట్టు చచ్చేది ఎక్కువగా రెండు సమయాల్లో. మొదటి మూడేళ్లలో నీళ్లు లేక, పశువు మేసి. ఆ తరువాత ముప్పై, నలభై, యాభై ఏళ్లకు, బాగా ఎదిగి నీడ ఇస్తున్నప్పుడు, రోడ్డు విస్తరణలో. రెండో గండం వచ్చేసరికి నాటినవారు ఉండరు. ఉన్నా ఎక్కడో ఉంటారు. ఎవరు నాటారో కూడా ఎవరికీ తెలియదు. చెట్టు తరఫున మాట్లాడే మనిషి ఉండడు, గుత్తేదారు నంబరు వేసి నరికేస్తాడు. కదిరి రోడ్డు మీద అలా పోయిన చింత చెట్లను నేను లెక్క పెట్టలేను.

హులికల్‌లో రెండో గండం వచ్చినప్పుడు నాటిన మనిషి బతికే ఉంది. ఆమె మాటకు విలువ ఉంది. పురస్కారాలు ఆమెకు ఇంట్లో ఏ మేలు చేశాయో గానీ, చెట్లకు మాత్రం ఒక గొంతు ఇచ్చాయి. దీర్ఘాయువును చాలామంది ఆమెకు చెట్లు ఇచ్చిన ప్రతిఫలంగా చెబుతారు. నేను తిరగేసి చూస్తాను. ఆమె ఆయువు చెట్లకు దక్కింది. ఆమె పుట్టిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం పాతికేళ్లు కూడా లేదు.

ఆమె కోరికలు కూడా అన్నీ ఊరి కోసమే. జాతరకు వచ్చేవారికి వాన నీళ్ల తొట్టి కట్టించారు. భర్త పేరు మీద హులికల్‌లో ఆసుపత్రి కావాలని చివరి దాకా అడుగుతూనే ఉన్నారు. నీడ, నీళ్లు, వైద్యం. కూలి పనికి రోడ్డు వెంట నడిచినవారికి ఈ మూడు ఎంత అవసరమో నడిచి తెలుసుకున్న మనిషి ఆమె.

మా రోడ్డుకు ఏం తెచ్చుకున్నాం

హులికల్ పద్ధతిని ఉన్నదున్నట్లు దించుకోలేదు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. మాగడి వైపు మాకంటే మెరుగు. కరెంటు తీగల కింద, ఇళ్ల గోడల పక్కన మర్రి పెట్టను. వేరు పునాదిలోకి దూరుతుంది, ఊడలు తీగలకు తగులుతాయి, చివరికి చెట్టును మొండెం చేస్తారు. మర్రి ఊరి బయటి దారికి, చెరువు కట్టకు, బస్సు ఆగే బయలుకు. ఇళ్ల ముందు కానుగ, వేప.

తెచ్చుకున్నది లెక్క. ఏ రోడ్డుకైనా ముందు అడిగేది ఎన్ని గుంతలు అని కాదు, వేసవిలో నీళ్లు మోసేది ఎవరు, ఎన్ని బిందెలు, ఎంత దూరం అని. అలా అందే నీళ్లను లీటర్లలో లెక్కకట్టి ఐదుతో భాగిస్తే వచ్చేది ఆ ఏడాది మొక్కల సంఖ్య. పై అధికారులకు ఇది రుచించదు. వెయ్యి అడిగినచోట నలభై రాసి ఇస్తే పని చేయడం ఇష్టం లేదనుకుంటారు. రెండుసార్లు పని చేజారింది. మూడోసారి ఒక పంచాయతీ ఒప్పుకుంది.

ఆ ఊరి దారిలో ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పది, పదిహేను, ఇరవై అన్న వరుసనే పెట్టుకున్నాం. మొక్కకు ఒక ఇల్లు చొప్పున కేటాయించి, పంచాయతీ పుస్తకంలో మనిషి పేరు, నాటిన తేది రాయించాం. రేపు రోడ్డు వెడల్పు చేయడానికి ఎవరైనా వస్తే ముందు ఆ పుస్తకం తెరవాలి, ఆ మనుషులతో మాట్లాడాలి. తీర్మానంలో ఈ మాట చేర్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మొన్న జూన్‌లో అక్కడికి వెళ్లాను. దారి మొదట్లో ఉన్న మర్రి మొక్క డెబ్బై దాటిన ఒక అవ్వ పేరు మీద ఉంది. కంప కొత్తగా కట్టి ఉంది, పాదులో తడి ఉంది. పుస్తకంలో తన పేరు కింద మనవరాలి పేరు కూడా రాయమని అడిగింది.

"నేను ఎన్నాళ్లుంటానో నాయనా, ఇది మాత్రం ఉండాల" అంది.

పంచాయతీ కార్యదర్శి వెంటనే పుస్తకం తెప్పించి రాశాడు. ఆరో తరగతి చదివే ఆ పిల్ల తన పేరులో వత్తు సరిగా పడలేదని చెప్పి దిద్దించుకుని, బిందె తీసుకుని బోరింగు వైపు వెళ్లింది.